సగం పూట మనిషి, పూర్తి పూట లెక్క

ఏం వదినగారూ, వంటింటి పని అయిందా? అయితే ఓ పది నిమిషాలు ఇలా కూర్చోండి. ఈ వారం కూర సంగతి కాదు, కూర అమ్ముకునే సంగతి మాట్లాడుకుందాం.

ఓ సోదరి ఉత్తరం రాశారు. "ఇంట్లో పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాను. గిరాకీ పెరిగింది. చేస్తూ కూర్చుంటే షాపులకు వెళ్లలేను, షాపులకు వెళితే పొయ్యి దగ్గర ఎవరూ ఉండరు. పూర్తి జీతమిచ్చే స్తోమత లేదు. సగం పూటకు ఎవరినైనా మార్కెటింగ్‌కి పెట్టుకోవచ్చా?" అని అడిగారు.

ఆ ఉత్తరం చదివి నాకు నవ్వూ వచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఎందుకంటే ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నాను. రెండోసారి మంచి మనిషిని పోగొట్టుకోబోయాను. రెండూ చెబుతాను, మీకు పనికొస్తాయి.

మాది చిలకలూరిపేట. గోంగూరకూ మిరపకాయకూ మా వైపు కొదవ లేదు. ఇంటర్ చదివి, పెళ్లయి, పిల్లల్ని పెంచి, నలభై దాటాక పచ్చళ్లు మొదలుపెట్టాను. మొదట చుట్టాలు, తర్వాత వీధిలోవాళ్లు, ఆ తర్వాత రెండు కిరాణా షాపులు. నెలకు మూడొందల సీసాల దాకా వచ్చి ఆగిపోయింది. చేసే ఓపిక ఉంది, అడిగే నోరు లేదు. షాపు మెట్లెక్కి "మా పచ్చడి పెట్టుకోండి" అనాలంటే నాలుక పిడచగట్టుకుపోయేది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఊరికే అన్నారా!

చేయడం ఒక పని, అమ్మడం ఇంకో పని. 1959లో బొంబాయిలో ఏడుగురు ఇల్లాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకుని మేడ మీద అప్పడాలు ఒత్తారు. అదే ఇవాళ్టి లిజ్జత్ పాపడ్. వాళ్లలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లు కూడా మొదటి రోజు ఒత్తిన నాలుగు ప్యాకెట్లనీ తెలిసిన వర్తకుడికి ఇచ్చే మొదలుపెట్టారు. ఒత్తడం ఎంత బాగా వచ్చినా కొనే చేతికి చేరకపోతే అప్పడం మేడమీదే ఉంటుంది.

ఇక నా మొదటి తప్పు. బిస్కెట్లూ సబ్బులూ షాపులకు వేసే ఓ కుర్రాడు "మీ సీసాలూ వేస్తానండీ, సీసాకి అయిదు రూపాయలివ్వండి" అన్నాడు. పైసా జీతం లేదు కదా అని సంబరపడ్డాను. నెల తిరిగేసరికి రెండొందల ఇరవై సీసాలు వెళ్లాయి. కమీషన్ లెక్కగట్టి ఇచ్చేశాను. సరుకు వెళ్లింది గానీ డబ్బు రాలేదు! అన్నీ అరువే. ఏ షాపుకి ఎన్నిచ్చాడో నా దగ్గర చీటీ లేదు. నేను స్వయంగా వెళ్లి అడిగితే ఒకాయన "మాకు ఇవ్వలేదే" అన్నాడు, ఇంకొకాయన నూనె కారిన సీసాలు ముందు పెట్టాడు. పదకొండు వేలు పోయింది. కుర్రాడిది మోసమని అనను. సీసా షాపులో దింపితే చాలు కమీషన్ ఇస్తానన్నది నేనే, అతను దింపాడు. తప్పు నా ఒప్పందంలో ఉంది.

మావారు ఆ రోజు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆరు నెలలు ఆగి, ఈసారి ముందు లెక్క రాసుకున్నాను. మీరూ కాగితం పెన్సిలు తీసుకోండి. పావుకిలో గోంగూర పచ్చడి సీసా ధర 130 రూపాయలు. ముడిసరుకు 55. సీసా, మూత, లేబుల్ 14. గ్యాసు, కరెంటు, ఆటో 6. నాకూ, సాయం వచ్చే ఆవిడకూ కూలి 12. మొత్తం 87. మన కూలి వేసుకోకుండా లాభం లెక్కగడతాం చూశారూ, అక్కడే మునుగుతాం. షాపాయన నూటికి ఇరవై ఉంచుకుంటాడు, అంటే 26. మన చేతికొచ్చేది 104. అందులో 87 పోను మిగిలేది 17. అమ్మిన మనిషికి సీసాకి మూడు కమీషన్ ఇస్తే 14.

సగం పూట మనిషికి నెలకు ఆరువేలు జీతం అనుకుందాం. ఆరు వేలని 14తో భాగిస్తే దాదాపు 430. అంటే ఆ మనిషి వచ్చాక, ఇప్పుడు అమ్ముడయ్యేవి కాక, మరో 430 సీసాలు అమ్మితే గానీ జీతం గిట్టదు. మొదటి నెలలోనే అది కాదు. అందుకని మూడు నెలల జీతం, పద్దెనిమిది వేలు, పక్కన పెట్టుకోగలిగితేనే మనిషిని పిలవాలి. లేకపోతే తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టవుతుంది. పైగా ఆ 430 సీసాలూ చేయగలమా అన్నదీ ముందే చూసుకోవాలి. ఆర్డరు తెచ్చాక సరుకు లేదంటే పోయేది మన మాటే.

ఇంకోటి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వాళ్లిచ్చే 14 అంకెల నంబరు, చేసిన తేదీ, బరువు, ధర, వాడిన దినుసులు, మన చిరునామా ఇవన్నీ లేబుల్ మీద ఉండాలి. ఇవి లేకుండా మనిషిని షాపుకి పంపడమంటే ఉప్పు లేకుండా ఊరగాయ పెట్టడమే.

మనిషిని ఎలా వెతకాలి? నేను ప్రకటన ఇవ్వలేదు. డిగ్రీ చదివి, పిల్లలు బడికి వెళ్లాక ఖాళీగా ఉండే ఓ అమ్మాయిని తెలిసినవాళ్లు చెప్పారు. మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ అంటే మావారు నవ్వి "పచ్చడి సీసాలకు ఎగ్జిక్యూటివా?" అన్నారు. నేను మాత్రం ఆ అమ్మాయిని ముందు వంటింట్లోకి తీసుకెళ్లాను. గోంగూర వేయించేటప్పుడు పక్కన నిలబెట్టాను, అన్నంలో కలిపి పెట్టాను. రుచి తెలియని మనిషి ఏం చెప్పి అమ్ముతుంది? తర్వాత పదిహేను రోజులు చూసుకుందామన్నాను. ఆ రోజులకూ డబ్బిచ్చాను. ఊరికే చేయించుకోలేదు.

ఒప్పందం ఇలా రాసుకున్నాం. వారానికి అయిదు రోజులు, పదిన్నర నుంచి రెండున్నర వరకు. పొద్దున్నే కిరాణా షాపులో గిరాకీ, మన మాట వినే తీరిక ఆయనకుండదు. పదకొండు దాటాక కాస్త తలెత్తి చూస్తాడు. కొత్త షాపుకి పన్నెండు సీసాలే. వాటి డబ్బు వచ్చాకే మళ్లీ సరుకు. కార్బన్ పెట్టి రాసిన బిల్లు, షాపాయన సంతకంతో నా దగ్గరికి రావాలి. డబ్బు ఫోన్‌లో నేరుగా నా ఖాతాకే. కమీషన్, డబ్బు చేతికొచ్చిన సీసాకే. లేని గొప్పలు చెప్పకూడదు. ఏడాది నిల్వ ఉంటుందని నేను రాయనిది తను చెప్పకూడదు.

ప్రయాణం ఖర్చు కలిసొచ్చింది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బులు లేవు కదా. ఆధార్ కార్డు చూపించి నరసరావుపేట వెళ్లొచ్చేది. గుంటూరు వెళితే నాలుగు గంటల్లో తిరిగి రాలేదు. అందుకని అది నెలకు రెండుసార్లే. ఆ రోజుకి పూర్తి రోజు జీతం.

మొదటి నెల కొత్తగా అమ్మినవి 110. రెండో నెల 240. నాకు గుండెల్లో రాయి పడింది గానీ, పక్కన పెట్టిన డబ్బు ధైర్యమిచ్చింది. ఆ అమ్మాయి సీసాలే కాదు, కబుర్లూ తెచ్చేది. "అక్కా, మూత దగ్గర నూనె కారుతోందట." మూత మార్చాను. "అక్కా, గదుల్లో ఉండే మిల్లు పనివాళ్లు పావుకిలో కొనరట, చిన్నది అడుగుతున్నారు." వంద గ్రాముల డబ్బా చేశాను. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు వెళ్లే దారిలో ఉన్న షాపులకు ముందే పులిహోర పొడి వేయమంది. వేశాం. అప్పుడు తెలిసింది నాకు, మార్కెటింగ్ అంటే మన మాట బయటికి మోయడమే కాదు, బయటి మాట మన వంటింటికి మోసుకురావడం కూడా అని. నాలుగో నెలలో 430 దాటింది.

ఇక్కడ నా రెండో తప్పు వస్తుంది. ఇది పదకొండు వేల కన్నా పెద్దది.

పని బాగుండేసరికి నాకు ఆశ పెరిగింది. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి "అమ్మాయ్, ఒక్క మాట, నరసరావుపేట ఆయన ఏమన్నాడు?" అనేదాన్ని. ఆదివారం "మీ ఇంటి దారే కదా, ఈ పార్సిల్ ఇచ్చెయ్" అనేదాన్ని. వాన పడి బయటికి వెళ్లలేని రోజు లేబుళ్లు అంటించమనేదాన్ని, నాలుగింటిదాకా. తను కాదనేది కాదు. కాదనలేదు కాబట్టి ఇష్టమేననుకున్నాను.

ఓ సాయంత్రం తను ఫోనెత్తలేదు. మర్నాడు కాస్త కోపంగానే అడిగాను, "సాయంత్రం ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఒక్క ఫోన్ ఎత్తడానికేం?" అని.

తను నవ్వింది. "మా అత్తగారు కూడా అచ్చం ఇదే మాట అంటారక్కా. వచ్చే నెల నుంచి రాలేనేమో, ఇంకెవరినైనా చూసుకోండి" అంది.

వదినగారూ, నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట ఇరవై ఏళ్లు నేను విన్నాను. కరెంటు బిల్లుకీ, చుట్టాలకీ, టైలరు దగ్గరికీ, పక్కింటివాళ్ల తాళంచెవికీ. నా పనికి గంటలు లేవని, జీతం లేదని ఎన్నిసార్లు మనసులో ఏడ్చుకున్నానో. అలాంటి నేను, ఓ ఆడపిల్లకు సగం పూట జీతమిచ్చి పూర్తి పూట పిలిచాను.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి గుర్తున్నంతవరకు ఎక్కువ గంటలు లెక్కేశాను. పద్దెనిమిది తేలాయి. ఆరువేల జీతం గంటకు 68 రూపాయలు పడుతుంది. మొత్తం 1,224. కవరులో పెట్టి ఇచ్చి, "తప్పు నాది. నాలుగు గంటలు దాటితే గంటకి ఇంత. రెండున్నర తర్వాత ఫోన్ చెయ్యను. అడగాల్సింది కాగితం మీద రాసి మర్నాడు అడుగుతాను" అన్నాను. వెంటనే ఉంటాననలేదు. రెండు రోజులు ఆలోచించుకుంది. మూడో రోజు పదిన్నరకు వచ్చి సంచీలో సీసాలు సర్దుకుంది.

జీతం పెంచమని అడుగుతుందనుకున్నాను. ఒకటే అడిగింది, తన పేరుతో చిన్న కార్డు వేయించమని. "నువ్వెవరమ్మా అని ప్రతి షాపులో అడుగుతున్నారక్కా." వంద కార్డులు వేయించాను. మొదటి కార్డు ఏ షాపుకీ ఇవ్వలేదు. వాళ్ల అత్తగారికి చూపించిందట.

కాబట్టి సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పెట్టుకోండి. కానీ ముందు సీసా లెక్క, తర్వాత బిల్లు పుస్తకం, మూడు నెలల జీతం పక్కన. అన్నిటికన్నా ముందు, గడియారం. సగం పూట అంటే సగం పూటే. మన కష్టానికి విలువ కట్టమని ఇంట్లో అడిగే మనం, మన గుమ్మం తొక్కిన మనిషి కష్టానికి ముందు విలువ కట్టాలి.

ఈ వారం చిట్కా: షాపుకి పంపే పచ్చడి సీసాలను మూత పెట్టాక ఒక రాత్రి కాగితం పరిచి బోర్లించి ఉంచండి. పొద్దున్నే నూనె మరక కనిపిస్తే ఆ సీసా మూత మార్చాల్సిందే. కారిన సీసాలతో నేను పడ్డ అవస్థ మీకొద్దు.

మళ్లీ వారం కలుద్దాం.