ఈడూ జోడూ

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వాల్వులతోటీ వైర్లతోటీ ఏం పని అని మీలో కొందరడగవచ్చు. అడిగే హక్కు మీకున్నది. కాని ఇంట్లో ఒక పాత ఆంప్లిఫయరు ఉన్నదనీ, అది ఇంకా పాడుతున్నదనీ ఊళ్లో నలుగురికి తెలిస్తే చాలునండీ, అయిదోవాడు తన ఇంటి అటకమీది పెట్టెను భుజాన వేసుకుని మన గుమ్మంలో దిగుతాడు. మా నెల్లిమర్లలో నాకదే జరుగుతున్నది. రెండేళ్లలో ముగ్గురొచ్చారు. ముగ్గురూ అడిగింది ఒకటే ప్రశ్న: "మాస్టారూ, దీనికి తోడుగా చవకలో మంచి ప్రి-ఆంప్లిఫయరు ఏది కొనమంటారు?"

ముగ్గురికీ మూడు రకాల జవాబులు చెప్పవలసి వచ్చింది. అంచేత ఈ వారం ఆ సంగతే ముచ్చటిద్దాం.

ముందుగా, ఈ ప్రి-ఆంప్లిఫయరు అనేదేమిటి? ఆంప్లిఫయరు చేసే పని స్పీకరును కదిలించటం. అందుకు దానికి ముందునుంచి ఒక మోస్తరు బలం గల సంకేతం అందాలి. పాతవాటిలో చాలావాటికి అర వోల్టూ, ఒక వోల్టూ ఉంటే చాలు, పూర్తి గొంతుతో పాడతాయి. వచ్చే సంకేతం అంతకంటె బాగా చిన్నదయితే, మధ్యన నిలబడి దాన్ని అంతవరకూ పెంచి అందించేదే ప్రి-ఆంప్లిఫయరు. చిన్నది కాకపోతే దానితో పనే లేదు. ఈ చిన్న మాట గుర్తుంచుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మొదట వచ్చినాయన మా కాలేజీ లెక్కల మాస్టారు. ఆయనది తాతగారి నాటి వాల్వు రేడియో. వెనక "పికప్" అని రెండు కన్నాలున్నాయి. వాటికి సెల్‌ఫోను తగిలించి పాత పాటలు వినాలని ముచ్చట. మధ్యన ప్రి-ఆంప్లిఫయరు పెట్టాలని ఆయనకెవరో చెప్పారు. ఫోను ఇచ్చే సంకేతం సుమారు అర వోల్టు పైనే ఉంటుంది. సి.డి. ప్లేయరయితే రెండు వోల్టుల దాకా ఇస్తుంది. వీటిని పెంచటం కాదు, ఒక్కొక్కప్పుడు తగ్గించవలసి వస్తుంది. దానికి ఒక వాల్యూము మీట చాలు, వేలు పోయనక్కర్లేదు.

ఆయనకది చెప్పి, రేడియో వెనక చెక్క తీయించి చూశాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. వాల్వుల మీద యు.ఎల్. 84, యు.వై. 85 అని ఉన్నది. యూరపు పద్ధతిలో వాల్వు పేరు 'ఇ' అక్షరంతో మొదలయితే దాని ఫిలమెంటు 6.3 వోల్టులది; మామూలుగా లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. 'యు'తో మొదలయితే ఫిలమెంట్లన్నీ దండలాగా గుచ్చి, ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తిన్నగా ఇంటి కరెంటుమీద నడిపే సెట్టు. ఒకప్పుడు కొన్ని ఊళ్లలో ఎ.సి., కొన్ని ఊళ్లలో డి.సి. కరెంటు ఉండేది గనక రెండింటికీ పనికొచ్చేలాగు ఇట్లాంటివి చేశారు. వీటిలో ఇనప చట్రమే కరెంటుతీగ. ప్లగ్గు తిరగబడితే చట్రం మీద 230 వోల్టులుంటాయి. దానికి ఫోను తగిలించి ఆ ఫోను చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో లెక్కల మాస్టారికి విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టించేదాకా ఆ కన్నాల జోలికి పోవద్దన్నాను. మీ ఇంట్లో అట్లాంటి రేడియో ఉంటే మీకూ అదే చెబుతున్నాను.

రెండోవాడు నా పాత శిష్యుడు. వాడు నన్నడిగేలోపునే కొనేశాడు. అరచేతిలో ఇమిడే అందమైన పెట్టె, పైన రెండు బుల్లి వాల్వులు, నారింజ రంగు వెలుగు. "చూడండి మాస్టారూ, ఎంత కళగా వెలుగుతోందో!" అన్నాడు. చూశాను. వెలుగుతున్నది వాల్వు కాదు. వాల్వు కింద పీటలో ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం పెట్టారు! వాల్వుకూ వెలుగున్నది గాని ఈ దీపం ముందు అది కనిపించదు. పన్నెండు వోల్టుల అడాప్టరుతో నడిచే ఇట్లాంటి పెట్టెలు బజార్లో ఇప్పుడు కొల్లలు. పాటను ఏ కొంచెమో పెంచుతాయి, తమ వంతుగా కాస్త గరగర కలుపుతాయి. వాల్వు ఆంప్లిఫయరు ముందు మరో వాల్వు పెడితే తీపి రెట్టింపవుతుందని కొందరి నమ్మకం. పాయసంలో బెల్లం సరిపోయిందా లేదా చూసుకోకుండా ఇంకో అచ్చు వేసినట్టుంటుంది. వాడి సి.డి. ప్లేయరు సంకేతం అసలే ఎక్కువ. దాన్ని ఇంకా పెంచి లోపలికి తోస్తే మొదటి వాల్వు మోయలేక పాట బొంగురుపోయింది. పెట్టె తీసేసి తిన్నగా కలిపితే గొంతు బాగుపడింది. ఆ పెట్టె ఇప్పుడు వాళ్లింట్లో రాత్రిపూట చిరుదీపంగా పనికొస్తున్నదట.

మూడో ఆయన సంగతే అసలు చెప్పాలనుకున్నది. జూట్ మిల్లులో పనిచేసి రిటైరయిన మనిషి. వాళ్ల నాన్న మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. మన ప్రాంతంలో వాల్వు ఆంప్లిఫయరంటే చాలామట్టుకు మైకుసెట్టేగదా! పెళ్లిళ్లకూ, నాటకాలకూ, రామతీర్థం తీర్థానికీ, ఎన్నికల బళ్లకూ తిరిగి తిరిగి అలిసిన ఇనప పెట్టెలవి. తండ్రి పోయాక పెట్టే, ట్రంకెడు రికార్డులూ ఈయనకు మిగిలాయి. వాటిలో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ 78లు రెండున్నాయి. ఆ కళాశాలలోనే చదువుకున్న ఘంటసాలవారి భగవద్గీత లాంగ్‌ప్లే ఒకటున్నది. హైదరాబాదులో ఉన్న కూతురు ముచ్చటపడి కొత్త రికార్డు ప్లేయరు పంపింది. తగిలిస్తే దోమ పాడినట్టుందిట.

"ఎనిమిదేలున్నాయి మాస్టారూ. అంతకి మించి పైస నేదు. మా అమ్మకి తొంభయ్యేళ్లు. ఆ గీత ఒక్కపాలి ఇనిపించాల," అన్నాడు.

ఈయనకు మాత్రం ప్రి-ఆంప్లిఫయరు కావలసిందే. ఎందుకంటే, పాత ప్లేయర్లలో ఉండే క్రిస్టల్ పికప్ వందల మిల్లీవోల్టులు ఇచ్చేది. మైకుసెట్టు వెనక "గ్రామ్" అన్న సాకెట్టు దానికోసం చేసిందే. కొత్త ప్లేయర్లో ఉన్నది మాగ్నెటిక్ పికప్. అది ఇచ్చేది నాలుగయిదు మిల్లీవోల్టులు, అంటే వోల్టులో రెండువందలో వంతు. దోమ పాడక ఏం చేస్తుంది?

"పోనీ మైకు సాకెట్లో పెడితేనో?" అన్నాడాయన. చప్పుడయితే వస్తుంది, పాట రాదు. రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించీ, తారస్వరాలను హెచ్చించీ చెక్కుతారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క గాడిలోకి పోతుంది. తారాన్ని హెచ్చించకపోతే అది గరగరలో కలిసిపోతుంది. వినేటప్పుడు ఈ రెండింటినీ తిరగేసి మళ్లీ సమం చేయాలి. సంధి చేసి రాసిన మాటను విడదీసి అర్థం చెప్పటంలాంటిదన్నమాట. ఎంత తగ్గించాలో, ఎంత హెచ్చించాలో అమెరికా రికార్డు కంపెనీల సంఘం 1954లో ఒక లెక్క ఖాయం చేసింది. దాని పొడి అక్షరాలు ఆర్.ఐ.ఎ.ఎ. మైకు సాకెట్టుకు ఈ లెక్క తెలియదు. అంచేత ఘంటసాలవారి గొంతు కూడా రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి నాలుగే. పెట్టెమీద "ఫోనో" అనీ, మూవింగ్ మాగ్నెట్ పికప్‌కు పనికొస్తుందనీ ఉండాలి. లోపలికి వచ్చే వైపు 47,000 ఓములుండాలి. నలభై డెసిబెల్‌లు, అంటే వంద రెట్లు, పెంచగలగాలి. అయిదు మిల్లీవోల్టులు వంద రెట్లయితే అర వోల్టు, మన పెట్టెకు చాలు. ఆంప్లిఫయరు వోల్టు అడిగేదయినా బెంగ లేదు. సగం వోల్టేజీతో వాట్లు నాలుగోవంతే వచ్చినా, చెవికి అంత తేడా అనిపించదు. నాలుగోది, పెట్టె రేకుదయి ఉండి, ఎర్తు తీగ బిగించే మర ఒకటుండాలి.

లోపల 5532 అనే ఎనిమిది కాళ్ల చిప్పు ఉంటే సంతోషించండి. రికార్డింగు స్టూడియోల్లో దశాబ్దాల తరబడి నలిగిన సరుకది, ఖరీదు స్వల్పం. పాత వాల్వుకు చిప్పు తోడేమిటి, అపచారం కాదా అంటారేమో! చవక వాల్వుకంటె అది నిశ్శబ్దంగా ఉంటుంది. వాల్వు రుచి ఎక్కడికీ పోదు, వెనకాల పెద్ద వాల్వులూ వాటి ట్రాన్స్‌ఫార్మరూ ఉండనే ఉన్నాయి. పైగా ఈ సంబంధంలో ఇంకో సుగుణమున్నది. వాల్వు ఆంప్లిఫయరు కట్నం పుచ్చుకోని అల్లుడులాంటిది. ముందు పెట్టెనుంచి కరెంటు దాదాపు తీసుకోదు. అంచేత చిన్న పెట్టె అయినా దానికి చాలు. అదే వాల్వు ప్రి-ఆంప్లిఫయరును ఈనాటి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు జోడిస్తే ఒక్కొక్కప్పుడు పొసగదు.

ఎనిమిది వేలూ ప్రి-ఆంప్లిఫయరుకే పోయటం నాకిష్టం లేకపోయింది. మొదట మైకుసెట్టును విజయనగరంలో ఒక పాత రేడియో మెకానిక్కుకు అప్పగించాం. యాభై అరవై ఏళ్లనాటి ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. కప్లింగు కండెన్సరు లీకయితే అవుట్‌పుట్ వాల్వు కాగి కాగి ఎర్రబడి చస్తుంది. దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మరూ పోవచ్చు. అవి మార్పించి, మూడు కాళ్ల ప్లగ్గూ ఎర్తూ వేయించాం. ఈ పని మీ అంతట మీరు చేయబోకండి. లోపల మూడువందల వోల్టుల దాకా ఉంటుంది. స్విచ్చి కట్టేసిన తరువాత కూడా కండెన్సర్లలో నిలవుంటుంది. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును నడపటం కూడా మంచిది కాదు. మూడున్నర వేలు దానికయింది. మూడు వేల లోపున ఒక మామూలు ఫోనో పెట్టె తెప్పించాం.

ప్లేయరుది స్టీరియో, రెండు తీగలు. మైకుసెట్టుకు ఒకటే దారి. రెండింటినీ ఒకటిగా మెలిపెడితే రెండు చానెళ్లూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఫోనో పెట్టె తరువాత చెరొక 10,000 ఓముల రెసిస్టరు పెట్టి, ఆపైన కలిపితే పేచీ లేదు. రెండు రెసిస్టర్ల ఖరీదు టీ ఖరీదు కూడా కాదు.

తగిలించగానే గుయ్యిమని మోత. దీనికీ కారణమున్నది. మన కరెంటు 50 సైకిళ్లది. మంద్రాన్ని పెంచాలన్న లెక్క చొప్పున ఆ 50 దగ్గర ఫోనో పెట్టె వంద రెట్లు కాదు, సుమారు ఏడువందల రెట్లు పెంచుతుంది. పక్కనే మైకుసెట్టు పెద్ద ట్రాన్స్‌ఫార్మరుంటే దాని మోతను కూడా భక్తిగా ఏడువందల రెట్లు చేసి వినిపిస్తుంది. పెట్టెను ప్లేయరు దగ్గరకు జరిపి, మైకుసెట్టుకు రెండు మూరలు ఎడంగా పెట్టి, ప్లేయరు ఎర్తు తీగను మరకు బిగించాం. మోత అణిగింది. దీనికి కానీ ఖర్చు లేదు. చాలామంది ఈ మోత విని, పెట్టె మంచిది కాదనుకుని ఇంకా ఖరీదయినది కొంటారు. అది కూడా అక్కడే పెడితే అట్లాగే మోగుతుంది.

78ల సంగతి వేరు. వాటి గాడి వెడల్పు. లాంగ్‌ప్లే సూది మొన అంగుళంలో వెయ్యోవంతుకు అటూఇటూగా ఉంటే, 78కి అంతకు మూడింతలుండాలి. సన్న సూది గాడి అడుగున పడి దొర్లుతుంది. రికార్డుకూ సూదికీ చేటు. 1954కు ముందువాటికి ఆర్.ఐ.ఎ.ఎ. లెక్క సరిగా అతకదు కూడాను. వయొలిన్ కొంచెం మూగబోయినట్టుంటే మైకుసెట్టు ట్రెబుల్ మీట కాస్త తిప్పుకుంటే సరి. సూది వచ్చేదాకా నాయుడుగారి రికార్డులు ట్రంకులోనే ఉంచమన్నాను. చేతిలో ఇంకా పదిహేనువందలు మిగిలాయి. పెన్షను పడగానే తక్కువ పడినది కలిపి సూది తెప్పిస్తానన్నాడాయన.

భగవద్గీత మాత్రం ఆ సాయంత్రమే పెట్టాం. తీర్థాలనాటి కొమ్ము స్పీకరు కాదు, చిన్న చెక్కపెట్టె స్పీకరు. ముసలావిడ గోడకానుకుని కూచుని ఒక వైపు అంతా విన్నది. రికార్డు తిరగెయ్యటానికి కొడుకు లేస్తుంటే అన్నది:

"మీ నాన్నెప్పుడూ ఇంత నెమ్మదిగా ఎయ్యనేదురా. మాటలన్నీ ఇప్పుడే తెలస్తన్నాయి."