మంటల ముప్పును అంచనా వేసేదెవరు?

2024 ఆగస్టు 4 ఉదయం కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ విశాఖ స్టేషన్‌లో ఆగి ఉండగా తగలబడింది. మూడు ఏసీ బోగీలు కాలిపోయాయి. ప్రయాణికులు అప్పటికే దిగిపోయారు కాబట్టి ప్రాణనష్టం తప్పింది.

ఇలాంటిది జరిగినప్పుడల్లా షార్ట్ సర్క్యూటా, మరొకటా అని చర్చ మొదలవుతుంది. ముప్పును ముందే పసిగట్టాల్సిన మనిషి ఎవరు, అతనికి ఆ పని వచ్చా అన్నది ఎవరూ అడగరు. బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం అదే. క్వార్టర్లు, ఆసుపత్రి, లోకోషెడ్, స్టేషన్ అన్నీ రైల్వేవే. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఆ కాలనీల్లో ఉన్నాయి. ఇతర చట్టాలు ఏం చెప్పినా అవసరమైన పనులు చేపట్టే అధికారాన్ని 1989 రైల్వే చట్టం 11వ సెక్షన్ ఆ శాఖకు ఇచ్చింది. కట్టేదీ, వైరింగ్ వేయించేదీ, అంతా బాగుందని రాసేదీ ఒకే శాఖ. పై అధికారి చేయించిన పనిలో తప్పుందని కింది ఉద్యోగి రాయగలడా? ఈ ఇబ్బంది తెలిసే రైల్వే భద్రతా కమిషనర్‌ను పౌర విమానయాన శాఖ కింద ఉంచారు. కానీ ఆయన ప్రధానంగా వచ్చేది కొత్త లైన్లకు అనుమతి ఇవ్వడానికి, పెద్ద ప్రమాదాలపై విచారణకు.

నిజాయతీ ఒక్కటే చాలదు, పని తెలియాలి. లండన్‌లో 2017లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్‌కు అంచనా నివేదికలు లేక కాదు. వాటిని రాసిన వ్యక్తి తన అనుభవాన్ని, అర్హతలను ఎక్కువ చేసి చెప్పుకున్నాడని, కొన్నింటిని కల్పించాడని 2024 సెప్టెంబరులో విచారణ సంఘం తేల్చింది. అంత పెద్ద భవనాన్ని చూసే అర్హత అతనికి లేదంది. ఈ పని చేసేవారికి గుర్తింపు తప్పనిసరి చేయాలని సిఫార్సు చేసింది. అతన్ని పెట్టుకున్నవారు ఆ అర్హతలను ఒక్కసారి సరిచూసినా సరిపోయేది.

సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరులో రూబీ లాడ్జి ప్రమాదం 8 మంది ప్రాణాలు తీసింది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. లెక్క కోసం వచ్చినవాడు మంటలార్పే సిలిండర్లు ఎన్ని ఉన్నాయో రాసుకుని పోతాడు. పని తెలిసినవాడు కింద బ్యాటరీ అంటుకుంటే పొగ ఎటు పోతుందని అడుగుతాడు. ఎవరిని పిలవాలో, ఎంత ఇవ్వాలో యజమానే నిర్ణయించే చోట రెండోవాడికి మళ్లీ పిలుపు రావడం కష్టం.

ఒక జోన్ అధికారులు మరో జోన్‌ను ఆడిట్ చేసే పద్ధతి రైల్వేలో ఇప్పటికే ఉంది. కాలనీలకూ ఆసుపత్రులకూ అగ్నిభద్రత అంచనాను బయటి నిపుణులతో చేయించి, నివేదికను, రాసినవారి పేరును, అర్హతలను గేటు దగ్గరే అతికించవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, జనరల్ మేనేజర్ ఉత్తర్వు చాలు.