అన్నీ కీర్తనలేనా?

"ఏ పాటైతేనేం, అన్నీ దేవుడివేగా!" సంగీతం పేరెత్తితే చాలు, ఈ మాట వినపడుతుంది. నాకు మాత్రం అందులో భక్తి కంటే బద్ధకమే ఎక్కువ కనిపిస్తుంది. కొంగు చూసి ఇది గద్వాల, ఇది వెంకటగిరి అని ఇట్టే చెప్పేస్తాం. మన భాషలోనే ఉన్న పాట వింటూ కృతి ఏదో, పదం ఏదో పోల్చుకోలేకపోవడం ఏం న్యాయం?

పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. వాడుకలో అన్నిటినీ కీర్తనలనేస్తాం గాని, అసలు కీర్తనలో పెత్తనం సాహిత్యానిది. చరణాలు చాలా ఉంటాయి, సాధారణంగా అన్నిటికీ ఒకటే వరస. పదిమందీ కూడి పాడుకోవడానికి అదే వీలు. త్యాగరాజస్వామి (1767–1847) దివ్యనామ కీర్తనలు ఇలాంటివే. కృతి సంగతి వేరు. పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి. ఒకే మాటని సంగతుల మీద సంగతులు వేసి పెంచుకుంటూ పోతారు. దానికి సాధన కావాలి. తానవర్ణంలో మాటలు తక్కువ, స్వరాలు ఎక్కువ. రాగానికి అది పెద్దబాలశిక్ష. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదంలో నాయిక చెలితోనో, ప్రియుడితోనో మనసు విప్పుకుంటుంది. నిదానంగా, మాట మాటా నాననిచ్చి పాడాలి. జావళిదీ శృంగారమే, కాని నడక చురుకు, మాట చిలిపి. తిల్లానాకి జతులే ప్రాణం.

ఇవన్నీ తెలిస్తే ఒరిగేదేమిటి అంటారా? తెలియకపోతే పోయేది చెబుతాను. పదాన్ని భజనలాగా గబగబా లాగించేస్తే, అందులో నోరు విప్పిన ఆడదాని కోపం, వేళాకోళం, విరహం అన్నీ మాయం. మువ్వగోపాలుడి పేరొక్కటే మిగులుతుంది. కీర్తనకి లేనిపోని సంగతులు తగిలించి కచేరీ సరుకు చేస్తే, అందరం గొంతు కలపాల్సిన పాట కాస్తా మన నోటికి అందకుండా పోతుంది. పాడవలసిన వాళ్ళం తల ఊపుతూ కూర్చుంటాం.

పిల్లకి సంగీతం చెప్పించే తల్లులకి ఒకటే మనవి. "ఎన్ని పాటలొచ్చాయే?" అని లెక్క అడక్కండి. "ఇది కృతా, పదమా? ఎవరు ఎవరితో అంటున్న మాట?" అని అడగండి. మేష్టారు చెప్పలేదందా, మేష్టారినే అడగండి. ఫీజు ఇస్తున్నాం, అడిగితే తప్పేముంది?