గాబరా గోలి ఇచ్చేటప్పుడు జర పైలం

మన కొంతం చౌక్ దిక్కు గాబరా గోలి తెల్వని ఇల్లు తక్కువ. మిల్లు బందై పని పోయిన బాధ ఒకరికి, పవర్‌లూం కార్ఖానాల పని లేక అప్పుల ఫికర్ ఇంకొకరికి. నిద్ర రాదు, గుండె దడ. డాక్టర్ అల్ప్రజోలం, క్లోనజిపాం, డయజిపాం లాంటి గోలి రాస్తడు. రాసేది డాక్టరే గాని రోజూ చేతిల పెట్టేది ఇంటామెనో, కోడలో. అంటే ఇంట్ల నర్సమ్మ ఆమెనే. అందుకే దవాఖాన నర్సమ్మలను అడిగి, విన్న సంగతులు ఈ నెల రాస్తున్న.

మొదలు ఊపిరి సంగతి. బ్లో రూంల, కార్డింగ్‌ల ఏండ్లకేండ్లు పని చేసినోళ్ళ ఛాతిల పత్తి దుమ్ము పడ్డది. దమ్ము, దగ్గు ఉన్నోళ్ళు ఎందరో. ఈ గోలి మెదడును నెమ్మది చేస్తది, ఎక్కువైతే ఊపిరిని గూడ నెమ్మది చేస్తది. కాబట్టి గోలి రాసే డాక్టర్‌కు "మా ఆయన మిల్లుల చేసిండు, దమ్ము ఉన్నది" అని తప్పక చెప్పాలె. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ లాంటి నొప్పి గోలి వాడుతుంటే అదీ చూపించాలె. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తది.

ముసలోళ్ళ ఒంట్ల డయజిపాం లాంటి గోలి రోజుల తరబడి నిలుస్తది. నిన్నటిది దిగకముందే ఇయ్యాల్టిది ఎక్కుతది. పొద్దున తూలుడు, మాట తడబడుడు, మతిమరుపు కనిపిస్తే "వయసు అయింది" అని ఊకోవద్దు, డాక్టర్‌కు చెప్పాలె. రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడితే తుంటి బొక్క ఇరుగుతది. చిన్న లైటు వేసి ఉంచుండ్రి. బీడీల సూప, చెప్పులు దారిల లేకుండ తియ్యుండ్రి. గోలి మత్తుల మోటార్ సైకిల్ వద్దు, నడిచే మగ్గం కాడ నిలబడవద్దు.

ఇంకో ముచ్చట. ముసలాయన ఒక్కసారిగ గాయిగాయి చేస్తే అది గాబరానే అనుకోవద్దు. షుగర్ పడిపోయినా, జ్వరమొచ్చినా, మూత్రం ఆగినా, దమ్ము అందకపోయినా మనిషి అట్లనే చేస్తడు. అప్పుడు ఇంకో గోలి వేస్తే అసలు రోగం మత్తు కింద దాగుతది. ముందుగాల కారణం చూడాలె.

కల్లు, సారా తాగిన రోజు ఈ గోలి ఇయ్యొద్దు, డాక్టర్‌ను అడగాలె. తెలంగాణకు పెండ్లిళ్ళకు పోయేటోళ్ళు ఇది మరువొద్దు. అక్కడ కొన్నిచోట్ల కల్లులనే ఈ మందు కలుపుతరు. 2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోయిండ్రు, ఆ కల్లుల అల్ప్రజోలం దొరికింది. 2015 ల కల్తీ కల్లు బంద్ చేసినప్పుడు, అలవాటు పడ్డోళ్ళు వణుకు, పిచ్చిమాటలతోని దవాఖానల్ల చేరిండ్రు.

దీంట్ల మనకు ఒక పాఠం ఉన్నది. రోజూ వేసుకునే గోలిని ఒక్కనాడే ఆపొద్దు. వణుకు, చెమట, ఫిట్స్ గూడ రావచ్చు. పైసలు లేవనో, ఊరికి పోతూ మరిచో ఆగుతది, అక్కడనే ఆపద. డాక్టర్ కొంచెం కొంచెంగ తగ్గిస్తడు. అసలు ఈ గోలి నాలుగు వారాలు దాటితే ఒంటికి అలవాటు పడుతది, కాబట్టి "ఇంకా ఎన్ని రోజులు?" అని ప్రతిసారి అడుగుండ్రి.

అల్ప్రజోలం, డయజిపాం లాంటివి చిట్టీ లేకుండ అమ్మరాదని, అమ్మితే మెడికల్ దుకాణపాయన రిజిస్టర్‌ల రాయాలని 2014 నుంచి కాయిదా ఉన్నది. ఒకరి గోలి ఇంకొకరికి ఇయ్యొద్దు. డబ్బా తాళంల పెట్టి, ఏ రోజు ఎన్ని ఇచ్చిండ్రో నోట్‌బుక్‌ల రాయుండ్రి. మరిచిపోయి రెండోసారి ఇచ్చుడు తప్పుతది.

పిలిస్తే లేవకపోతే, ఊపిరి మెల్లగైతే, పెదవులు నీలమైతే ఒక్క పక్కకు తిప్పి పండబెట్టి 108 కు ఫోన్ కొట్టుండ్రి, గోలీల పట్టీ వెంబడి తీసుకపోవాలె. మనసు బరువెక్కి ఎవరితోనన్న మాట్లాడాలంటే సర్కార్ టెలి మానస్ 14416 ఫోకట్‌ల పనిచేస్తది, తెలుగుల గూడ మాట్లాడుతరు.

గోలి ఇచ్చి పక్కన పది నిమిషాలు కూసోని మాట్లాడుడు గూడ మందే. దానికి చిట్టీ అక్కరలేదు. మల్ల వచ్చే నెల కలుద్దాం.