“బుగులైతున్నది సారూ”: నెలసరి ఆగే వయసులో ఆందోళన



మా కరీంనగర్ ప్రాంతపు స్త్రీలు ‘ఆందోళన’ అనే మాట వాడరు. “బుగులైతున్నది” అంటారు, “రంది పట్టుకున్నది” అంటారు. వైద్య కళాశాలలో మాకు ఈ మాటలను ఎవరూ నేర్పలేదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వీటిని వింటూనే ఉన్నాను, కానీ వాటి వెనుక ఉన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. ఆ ఆలస్యం వల్ల నష్టపోయినవారు నా దగ్గరకు వైద్యానికి వచ్చినవారే. అందుకే ఈ వ్యాసం.

1990లలో నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి బీడీలు చుట్టే ఒక అమ్మ వచ్చింది. వయసు 44. భర్త గల్ఫ్‌లో కూలిపని, పెళ్లికి ఎదిగిన కూతురు, మంచాన పడిన అత్త. “కడుపుల బుగులైతున్నది సారూ. ఎవలో తరుముతున్నట్టు గుండె కొట్టుకుంటది. నడిరాత్రి లేచి కూసుంట” అని చెప్పింది. ఈసీజీ తీయించాను, బాగానే ఉంది. “నీకేమీ లేదమ్మా, రంది పెట్టుకోకు” అని బీ కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపాను. రెండో మారు వచ్చినప్పుడు నిద్రమాత్ర రాశాను. మూడో మారు ఆమె రాలేదు.

ఏడాది తరువాత వచ్చింది. ఈలోగా మరొకచోట గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసివేశారు. గడ్డలేదు, క్యాన్సర్ అనుమానమూ లేదు. “సంచి తీస్తే అన్నీ తక్కువైతయన్నరు సారూ” అంది. తగ్గకపోగా బుగులు రెట్టింపయింది, ఒళ్లంతా మంటలు మొదలయ్యాయి. అప్పుడు మొదటిసారిగా అడిగాను, ఆపరేషన్‌కు ముందు నెలసరి ఎట్లా ఉండేదని. “రెండేండ్ల సంది ఎనకా ముందైతుండె. మీరు అడగకపోతిరి” అంది.

నిజమే, నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ రెండు మాత్రల చీటీలు, బహుశా ఆ ఆపరేషన్ కూడా, అవసరం పడేవి కావు.

శరీరంలో జరిగేది ఏమిటి?

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే దానిని రుతువిరతి అంటాము. పల్లెల్లో ‘ముట్లుడగడం’ అంటారు. సాధారణంగా 45 నుంచి 55 ఏళ్ల మధ్య వస్తుంది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆందోళన అనేకమందిలో నెలసరి పూర్తిగా ఆగకముందే, అది ముందూ వెనకా అవుతున్న సంవత్సరాలలోనే మొదలవుతుంది. “నాకింకా నెలసరి వస్తూనే ఉంది కదా” అని రోగి అనుకుంటుంది, వైద్యుడూ అట్లాగే అనుకుంటాడు.

ఈ కాలంలో ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక క్రమంలో తగ్గదు. ఒక నెల పెరుగుతుంది, మరో నెల పడిపోతుంది. మెదడులో మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి రసాయనాల పని దీనితో ముడిపడి ఉంది. మెదడులోని హైపోథలామస్ అనే భాగం శరీర ఉష్ణోగ్రతను అదుపు చేస్తుంది. ఈస్ట్రోజెన్ ఒడిదుడుకులతో అది అతి సున్నితమై, ఏ కొంచెం వేడి పెరిగినా ఒళ్లు కాలిపోతున్నట్టు స్పందిస్తుంది. ముఖం, మెడ, ఛాతీ వేడెక్కి, చెమటలు పట్టి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీల ఎండలు కాసే మన జిల్లాలో ఇది మరీ దుర్భరం.

ఇక్కడ వరుసను గమనించండి. ముందు దడ వస్తుంది, ఆ దడను చూసి మనసు భయపడుతుంది. కారణం కనిపించని భయానికి మనసు తానే కారణం వెతుకుతుంది. కొడుకు ఫోన్ చేయలేదు, దుబాయిలో ఆయనకేమైందో అని. రాత్రి చెమటలతో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మరునాటి ఆందోళన ఇంకా పెరుగుతుంది. ఇది మనోబలం లేకపోవడం కాదు, బాణామతీ కాదు.

అన్నిటికీ అదే కారణమనడమూ తప్పే

మేము చదువుకున్న రోజుల్లో ఈ వయసువారి దిగులుకు పుస్తకాలలో ‘ఇన్వల్యూషనల్ మెలంకోలియా’ అని ఒక ప్రత్యేక జబ్బు పేరుండేది. ఆధారాలు నిలవక 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ నుంచి దానిని తొలగించారు. అంతకుముందు ప్రతిదీ ముట్లుడగడం వల్లనే అన్నవాళ్లం, తరువాత దాని ఊసే ఎత్తడం మానేశాము. రెండూ పొరపాట్లే.

దడ, ఆందోళన ఉన్నప్పుడు రక్తపోటు, చక్కెర, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, ఈసీజీ చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇవే లక్షణాలుంటాయి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ముందు గుండె సంగతి తేల్చుకోవాలి. మన ప్రాంతంలో మరొకటి తప్పక అడగాలి: కల్లు అలవాటు ఉందా? ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు దానిని మానిన రోజున వణుకు, నిద్రలేమి, తీవ్రమైన భయంతో ఆసుపత్రికి వస్తారు.

ఆ ఆల్ప్రజోలమే మందుల దుకాణంలో నిద్రమాత్రగా దొరుకుతుంది. కొద్ది వారాలలోనే అలవాటవుతుంది, ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. పక్కింటామె వాడుతున్నదని మీరు వాడకండి. ఇప్పటికే వాడుతుంటే వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోండి.

గర్భసంచి తీయించడం బుగులుకు మందు కాదు

2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన స్త్రీల గర్భసంచులు ఇతర రాష్ట్రాల వారికంటే బలహీనమైనవని నేను నమ్మను. పిల్లలు పుట్టాక దానితో పనేముందన్న ఆలోచన ఇటు ఇళ్లలోనూ, అటు ఆసుపత్రులలోనూ ఉంది.

గర్భసంచి ఆపరేషన్ అవసరమైన జబ్బులున్నాయి. ఆందోళన వాటిలో లేదు. అండాశయాలు కూడా తీసివేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా జరగవలసిన మార్పు ఒక్కరోజులో మీద పడుతుంది. వాటిని ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా రుతువిరతి కొంత ముందుగా రావచ్చు. “తీసేద్దాం” అని ఎవరైనా అన్నప్పుడు “జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?” అని అడగండి. మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోండి.

మరి ఏం చేయాలి?

దడ మొదలైనప్పుడు కూర్చుని, నాలుగు అంకెలు లెక్కించేంతసేపు శ్వాస తీసి, ఆరు అంకెలు లెక్కించేంతసేపు మెల్లగా వదలండి. “ఇది వేడి ఆవిరి, కాసేపట్లో పోతుంది” అని మీకు మీరే చెప్పుకోండి. నూలు బట్టలు కట్టుకోండి, తలగడ పక్కన నీళ్లు పెట్టుకోండి. సాయంత్రం తరువాత చాయ్ మానండి. బీడీలు చుట్టేవారు గంటకోసారి లేచి నడవండి. ఉదయం అరగంట నడక నిద్రకూ, ఎముకలకూ మేలు. తైదలు, నువ్వులు, పెరుగు ఆహారంలో ఉండాలి. నెలసరి తేదీలు, నిద్ర, దడ వచ్చిన సమయాలు క్యాలెండరు మీద రాసుకోండి. వైద్యునికి అంతకంటే మంచి రిపోర్టు లేదు.

ఇవి చాలనప్పుడు చికిత్స ఉంది. ఆలోచనల తీరును సరిదిద్దే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. ఎస్‌సిటలోప్రామ్ వంటి మందులు ఆందోళనతోపాటు వేడి ఆవిర్లనూ తగ్గిస్తాయి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా మానరాదు.

హార్మోన్ చికిత్స అంటే చాలామంది హడలిపోతారు. 2002లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం రొమ్ము క్యాన్సర్, రక్తపు గడ్డల ప్రమాదాన్ని చూపిన మాట నిజం. కానీ అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. అరవై ఏళ్ల లోపు, లేదా రుతువిరతి వచ్చిన పదేళ్లలోపు, తీవ్రమైన లక్షణాలున్న ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువని ఇప్పటి వైద్యశాస్త్రం చెబుతున్నది. రొమ్ము క్యాన్సర్, రక్తపు గడ్డలు, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి ఇది తగదు. నిర్ణయం స్త్రీవైద్య నిపుణులతో కలిసి తీసుకోవాలి.

రెండు హెచ్చరికలు. నెలసరి ఆగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే దాచుకోకుండా ఇంట్లో చెప్పండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మన ఊరి మంగళవారం

2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమాన్ని మన కరీంనగర్‌లోనే, బుట్టిరాజారాం కాలనీలోని ఆరోగ్య కేంద్రంలో ప్రారంభించింది. తొలి విడతలో వంద కేంద్రాలు. ప్రతి మంగళవారం స్త్రీలకే ప్రత్యేకంగా, స్త్రీ సిబ్బందితో వైద్యం. ఎనిమిది రకాల సేవలలో రుతువిరతి సమస్యలు, హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఆ జాబితాలో ఈ మాట చూసిన రోజు నాకు ఆ బీడీల అమ్మే గుర్తుకు వచ్చింది.

ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు కూడా మారవచ్చు. ఆ మంగళవారం మాత్రం ఆగకూడదని నా అభిప్రాయం. రక్తపరీక్షలతో, క్యాన్సర్ పరీక్షలతో ముగించకుండా, నలభై దాటి వచ్చిన ప్రతి స్త్రీని “నెలసరి ఎట్లా ఉంది? నిద్ర పడుతున్నదా? బుగులైతున్నదా?” అని అడగాలి. ఈ ప్రశ్నలకు యంత్రం అక్కరలేదు. ఆశా కార్యకర్త కూడా అడగగలదు.

ఇళ్లలోని మగవారికి ఒక మాట. మీ భార్యకో, అక్కకో ఈ వయసులో బుగులైతే “నీకేం తక్కువ?” అనకండి. ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లండి. గల్ఫ్‌లో ఉన్నవారు ఫోన్‌లో డబ్బు సంగతి తరువాత, నిద్ర సంగతి ముందు అడగండి.

నా తోటి వైద్యులకు మనవి. ఈసీజీ బాగున్నంత మాత్రాన “ఏమీ లేదు” అనకండి. ఆ మాట నేను అన్నాను. ఆమె నమ్మి వెళ్లిపోయింది.