పేగులో పేగు దూరితే...

రాత్రి భోంచేసి పడుకున్నాక బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. రెండుసార్లు వాంతి. ఇంట్లోవాళ్లు వాము నీళ్లిస్తారు, పక్కింటాయన గ్యాస్ మాత్ర తెచ్చిస్తాడు. తెల్లారేసరికి నొప్పి మాయం! పది రోజులకు మళ్లీ అదే వరస. చాలాసార్లు అది అజీర్తే కావచ్చు. అరుదుగా మాత్రం పేగులో పేగు దూరి ఉంటుంది.

చొక్కా పొడుగు చేతిని లోపలికి తోస్తే మడతలోకి మడత జారుతుంది కదా, ఇదీ అంతే. పేగు ముడుచుకుంటూ, సాగుతూ ఆహారాన్ని ముందుకు నెడుతుంటుంది. లోపలి గోడకు గడ్డ ఉంటే దాన్నీ అలాగే నెడుతుంది. గడ్డ తనతోపాటు గోడనూ లాక్కుని ముందున్న పేగులోకి దూరుతుంది. వైద్యులు దీన్ని 'ఇంటస్‌ససెప్షన్' అంటారు. దారి మూసుకుపోతుంది. రక్తనాళాలు కూడా నలిగితే ఆ భాగం కుళ్లిపోయి ప్రాణం మీదికొస్తుంది.

నిజానికిది ఎక్కువగా పసిపిల్లల్లో వచ్చే సమస్య. పెద్దవాళ్ల కేసులు సుమారు 5 శాతమే. పిల్లల్లో చాలావరకు మలద్వారం గుండా గాలినో, సెలైన్‌నో పంపితే పేగు వెనక్కి వచ్చేస్తుంది. అది తెలిసిన బంధువులు 'మరి ఈయనకు ఆపరేషన్ ఎందుకు?' అని అడగడం సహజమే. తేడా గడ్డ దగ్గరే ఉంది. పెద్దవాళ్లలో దాదాపు 90 శాతం మందికి లోపల ఏదో ఒక కారణం దొరుకుతుంది. చిన్నపేగులో అయితే కొవ్వుగడ్డ, పాలిప్ లాంటి ప్రమాదం లేనివే ఎక్కువ. పెద్దపేగులో మాత్రం సగానికి పైగా క్యాన్సరే. పేగును వెనక్కి లాగి సరిపెడితే అది అక్కడే మిగిలిపోతుంది. అందుకే అనుమానం ఉంటే లాగకుండానే ఆ భాగాన్ని తీసేసి, చివరలు కలిపి కుడతారు. తీసిన ముక్క బయాప్సీకి వెళ్తుంది. ఆపై వైద్యం ఆ రిపోర్టును బట్టే.

దీన్ని పట్టివ్వడంలో సీటీ స్కాన్‌దే పైచేయి. అడ్డంగా కోసిన ఉల్లిపాయలా పొరలో పొర కనిపిస్తుంది. అయితే కనిపించిన ప్రతి మడతకూ కత్తి అక్కర్లేదు. వేరే దేనికో తీసిన స్కాన్‌లో చిన్నపేగులో కొద్దిపాటి మడత బయటపడి, నొప్పీ గడ్డా అడ్డంకీ లేకపోతే, అది తనంతట తానే విడిపోతుంది. కనిపెట్టి ఉంటే చాలు.

నొప్పితోపాటు వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోయినా, మలంలో రక్తం పడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఈలోగా 'కడుపు శుభ్రమైతే తగ్గుతుంది' అంటూ విరేచనాల మందు మాత్రం వేయకూడదు.