మీరు అక్కడ ఏ సంవత్సరంలో ఉన్నారు?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. పెద్దవాళ్ళు ఆ ఊళ్ళో ఇంతకుముందు పనిచేసినవాళ్ళెవరా అని ఆరా తీస్తారు. పిల్లలు ఆ ఊరి గురించి పుస్తకాల్లో వెతుకుతారు. "పుస్తకాల్లో ఏముంటుంది, అక్కడ ఉండి వచ్చినవాళ్ళను అడగాలి గానీ" అని పెద్దలు కొట్టిపారేస్తారు. ఈ మాటతో మేము సగమే ఏకీభవిస్తాం.

ఖరగ్‌పూర్‌నే తీసుకుందాం. యాత్రికుల కోసం రాసే పుస్తకాలు ఈ ఊరికి ఇచ్చేది రెండు మూడు వాక్యాలు: పొడవైన ప్లాట్‌ఫారం, 1951లో మొదలైన తొలి ఐఐటీ. జాతీయ రహదారి పక్కనున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కు అవి కూడా దక్కవు. (పార్క్ అనగానే ఊయలలు, జారుడుబల్లలు ఊహించుకునే చిన్నారులకు ముందే చెబుతున్నాం, అక్కడున్నవి కర్మాగారాలు!) చూసిపోయేవాళ్ళకు ఆ పుస్తకం చాలు. మనం ఉండటానికి వెళ్తాం. స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది, కుళాయి ఎన్నింటికి వస్తుంది, వానాకాలంలో ఏ దారి మునుగుతుంది, ఇడ్లీ రవ్వ ఎక్కడ దొరుకుతుంది? ఇవి అక్కడ కాపురం చేసి వచ్చిన ఆంటీయే చెప్పాలి.

చిక్కల్లా ఆ ఆంటీ అక్కడితో ఆగకపోవడమే. "ఒట్టి దుమ్ము ఊరమ్మా, ఏమీ ఉండదు, మీ పిల్లలకు అస్సలు తోచదు" అని ఒక తీర్పు కూడా చెప్పి పంపిస్తుంది. ఆవిడకు తోచలేదేమో, అది నిజమే కావచ్చు. కానీ ఆ తీర్పు పిల్లల సామానుతో పాటే లారీ ఎక్కుతుంది. కొత్తగా చేరిన పిల్లల ముఖాల్లో మేము దాన్ని ఇట్టే పోల్చుకోగలం. ఎవరితోనూ స్నేహం చేయరు, ఎలాగూ వెళ్ళిపోయే ఊరే కదా అని వీధి పేరు కూడా అడగరు. మూడేళ్ళ పోస్టింగులో ఒక ఏడాది అలాగే పోతుంది.

ఇక్కడే పుస్తకం అక్కరకొస్తుంది. రైల్వే వర్క్‌షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. పార్కుకు పేరిచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1820లో ఈ జిల్లాలోని బీర్‌సింగా గ్రామంలోనే పుట్టారు. 1855లో ఆయన రాసిన 'వర్ణపరిచయ్' బెంగాలీ పిల్లల పెద్దబాలశిక్ష వంటిది. ఐఐటీ మొదలైన హిజ్లీ భవనం ఒకప్పుడు నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు అక్కడే చనిపోయారు. ఇడ్లీ రవ్వ చెప్పిన ఆంటీ ఇవి చెప్పదు.

పుస్తకమూ పాతబడుతుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం (సుమారు 1072 మీటర్లు) ప్రపంచంలోనే పొడవైనదని పాత జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు నేటికీ చెబుతాయి. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ను దాటింది. అయితే పుస్తకం మీద అచ్చయిన సంవత్సరం ఉంటుంది. మనుషుల మాట మీద ఉండదు. అందుకే సలహా ఇచ్చేవాళ్ళను మొదట అడగాల్సింది "మీరు అక్కడ ఏ సంవత్సరంలో ఉన్నారు?" అని.

ఆ సంగతి మన ఏనుగుల వీరాస్వామయ్యకు తెలుసు. మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ అయిన ఆయన 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్నవన్నీ తేదీలతో సహా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాస్తూ వచ్చారు. శ్రీనివాస పిళ్ళై 1838లో వాటిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఆయనకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయనుకోండి. కానీ తోటి ప్రయాణికుడి మాట పుస్తకమై నిలవడానికి ఆ తేదీలే సాయపడ్డాయి.

ఈ ఏడాది బదిలీ మీద వెళ్ళే విద్యార్థులను మేము ఒక్కో పేజీ అడుగుతున్నాం, మీ బెంచీలో కూర్చోబోయే పిల్లల కోసం. పేరు అక్కర్లేదు. తరగతి, నెల, సంవత్సరం తప్పనిసరి. బస్సు, కుళాయి, దుకాణం, ఆడుకునే చోటు, మీరు నేర్చుకున్న మొదటి పది బెంగాలీ మాటలు రాయండి. 'ఊరు బాగుంటుంది', 'ఊరు బాగోదు' అన్న వాక్యాలు కనిపిస్తే మాత్రం కొట్టేస్తాం.